అమ్మ ఇంటి డీవీడీ ప్లేయర్‌లో మనవరాలి నాట్యం

ప్రశ్న: మాది చెన్నై, పెరంబూర్. మా అమ్మ నాయుడుపేట దగ్గర పల్లెలో ఒక్కతే ఉంటుంది. ఫోన్ తెర ఆమె కళ్లకు ఆనదు. నాన్న ఉన్నప్పుడు కొన్న డీవీడీ ప్లేయరు, పాత పెట్టె టీవీ ఇప్పటికీ పనిచేస్తున్నాయి. వాటి రిమోట్లు ఆమెకు బాగా అలవాటు. మోకాళ్ల నొప్పులతో మా అమ్మాయి కూచిపూడి రంగప్రవేశానికి రాలేకపోయింది. ఆ రోజు లైవ్ పెట్టినవాళ్లు ఇచ్చిన లింకు నుంచి వీడియో డౌన్‌లోడ్ చేశాను. రెండు గంటల పది నిమిషాలు ఉంది. మా తమ్ముడు ఫోన్‌లో తీసినవి కొన్ని వాట్సాప్‌లో వచ్చాయి. ఒక వెబ్‌సైట్‌లో కన్వర్ట్ చేసి డిస్కులో వేస్తే అమ్మ ప్లేయరు 'నో డిస్క్' అంటోంది. అలా మూడు డిస్కులు పోయాయి. ఒక షాపులో చేయిస్తే ఆడింది గానీ, పిల్ల సన్నగా, పొడుగ్గా సాగిపోయింది. పోనుపోను పాట ఒకచోట, అడుగు ఒకచోట. దసరాకి ఊరెళ్తున్నాం. ఆలోపు మంచి డిస్కు చేయాలంటే ఏ కన్వర్టర్ వాడాలి?

సమాధానం:

చెల్లెమ్మా, కన్వర్టర్ సంగతి తర్వాత చూద్దాం. ముందు తేలాల్సింది అమ్మ ఇంట్లో ఉన్న ఆ ప్లేయరుకి ఏం పడుతుంది, ఏం పడదు అన్నది. వడపళనిలో ఒక చిన్న ఎడిటింగ్ గదిలో ఏళ్లతరబడి పెళ్లి వీడియోలు డిస్కులకు ఎక్కించినవాణ్ణి. నా దగ్గరికి తిరిగొచ్చిన డిస్కుల్లో చాలావరకు సాఫ్ట్‌వేర్ బాగోలేక వచ్చినవి కావు. ఆ డిస్కు ఆడాల్సిన ఇంట్లో ఏ పెట్టె ఉందో అడక్కుండా చేసినవి. మీ మూడు డిస్కుల కథా అదే అనిపిస్తోంది.

డీవీడీ ప్లేయర్లు మొదట జపాన్‌లో 1996 నవంబర్‌లో అమ్మకానికి వచ్చాయి. ఇప్పుడు మన ఫోన్లు, వెబ్ వీడియోలు ఎక్కువగా వాడే, వీడియోని కుదించే హెచ్.264 పద్ధతి 2003లో వచ్చింది. అంటే ఆ ప్లేయరు నేర్చుకున్న భాష వేరు, మీరు డౌన్‌లోడ్ చేసిన ఎంపీ4 మాట్లాడే భాష వేరు. డీవీడీ వీడియో అంటే దానికి కొన్ని కచ్చితమైన కొలతలున్నాయి. బొమ్మ ఎంపెగ్-2 అనే పాత పద్ధతిలో ఉండాలి. మన దేశంలో వాడే పాల్ అనే టీవీ పద్ధతిలో అయితే అడ్డం 720 చుక్కలు, నిలువు 576 చుక్కలు, సెకనుకి 25 ఫ్రేములు, అంటే విడి బొమ్మలు. శబ్దం 48 కిలోహెర్ట్జ్‌లో ఉండాలి. వెబ్ వీడియోల్లో చాలాచోట్ల అది 44.1లో ఉంటుంది.

ఇవన్నీ సరిపోయినా పని సగమే అయినట్టు. డిస్కులో 'వీడియో_టీఎస్' అనే ఫోల్డర్ ఉండాలి. అందులో మూడు రకాల ఫైళ్లు ఉంటాయి. వీఓబీ అన్నవాటిలో అసలు బొమ్మ, శబ్దం ఉంటాయి, ఒక్కోటి 1 జీబీ దాటదు. ఐఎఫ్ఓ అన్నది పుస్తకం ముందుండే విషయసూచిక లాంటిది, ఎక్కడ మొదలెట్టాలో, ఏది తర్వాత ఏదో ప్లేయరుకి అదే చెబుతుంది. బీయూపీ దానికి నకలు, సూచిక ఉన్న చోట గీత పడితే అక్కరకొస్తుంది. మీరు వెబ్‌సైట్ నుంచి తెచ్చిన ఫైలు ఒకవేళ ఎంపెగ్-2లోనే ఉన్నా, దాన్ని కాపీ, పేస్ట్ చేసి డిస్కులో వేస్తే అది డేటా డిస్కు అవుతుంది, వీడియో డిస్కు కాదు. ప్లేయరు సూచిక కోసం వెతికి, కనిపించక 'నో డిస్క్' అంటుంది. మీ డిస్కులు పాడైపోలేదు, వాటిని కంప్యూటర్‌లో పెడితే ఫైళ్లు కనిపిస్తాయి చూడండి.

అలాగే ఇంకో మాట. పిల్ల వీడియోని ఊరూ పేరూ తెలియని వెబ్‌సైట్‌కి ఎక్కించి కన్వర్ట్ చేయించడం ఇకమీదట వద్దు. ఆ ఫైలు వాళ్ల దగ్గర ఎన్నాళ్లు ఉంటుందో, ఎవరు చూస్తారో మన చేతిలో ఉండదు. ఈ పని మొత్తం మన కంప్యూటర్‌లోనే, డబ్బు పెట్టకుండా అయిపోతుంది.

ముందుగా పక్కింటి పిల్లాణ్ణెవరినైనా పంపి అమ్మ ప్లేయరు ముందు భాగం, వెనక భాగం, టీవీ వెనక భాగం ఫోటోలు తీయించండి. ప్లేయరు ముఖం మీద చిన్న చిన్న ముద్రలుంటాయి, డీవీడీ, వీసీడీ, ఎంపెగ్-4, డివ్ఎక్స్ అని. యూఎస్‌బీ రంధ్రం ఉందేమో కూడా తెలుస్తుంది. అది ఉంటే చాలామంది పెన్‌డ్రైవ్ చాలనుకుంటారు. కానీ ఆ కాలపు ప్లేయర్లు యూఎస్‌బీలో కూడా పాత ఏవీఐ, ఎంపెగ్ ఫైళ్లే ఆడిస్తాయి, మీ ఎంపీ4ని ఎక్కువశాతం తీసుకోవు. పైగా పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఉండాలి, అందులో ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు. అయినా అమ్మ చేతికి అలవాటైంది ట్రే తెరవడం, డిస్కు పెట్టడం, ప్లే నొక్కడం. ఆ అలవాటుని మార్చకుండా డిస్కే చేద్దామన్న మీ ఆలోచన నాకు నచ్చింది.

ఇక అసలు పని. డౌన్‌లోడ్ చేసిన వీడియోని పక్కన పెట్టండి. వాట్సాప్‌లో వచ్చినవాటిని అసలు ముట్టుకోకండి. లైవ్ లింకులో ఉన్నది ఒకసారి నలిగి, అంటే సైజు తగ్గించడానికి కుదించగా వచ్చిన వీడియో, వాట్సాప్‌లోది మరీ నలిగింది. దాన్ని డీవీడీ కోసం ఇంకోసారి నలిపితే చీకటి వేదిక మీద పిల్ల ముఖం చిన్న చిన్న గళ్లుగా కనిపిస్తుంది. పట్టుచీర జరీ అంతా ఒక పసుపు మరకలా అయిపోతుంది. కార్యక్రమం తీసిన కెమెరా ఆయనకి ఫోన్ చేసి, కెమెరా కార్డులోంచి దింపిన ఒరిజినల్ ఫైలు అడగండి. హార్డ్ డిస్కు పట్టుకుని నేరుగా వెళ్లండి, పంపమంటే మళ్లీ చిన్నది చేసి పంపుతారు. తమ్ముడినీ ఫోన్‌లోని అసలు ఫైళ్లే కేబుల్‌తో ఇమ్మనండి. వాట్సాప్‌లోనే పంపక తప్పదంటే డాక్యుమెంట్‌గా పంపమనండి, అప్పుడు నలగదు.

డీవీడీలో స్పష్టత ఎలాగూ తగ్గిపోతుంది కదా, ఒరిజినల్ ఎందుకు అని అడుగుతారేమో. 1920 అడ్డం, 1080 నిలువు ఉన్న ఫుల్ హెచ్‌డీ బొమ్మలో 20,73,600 చుక్కలుంటాయి. పాల్ డీవీడీలో 4,14,720. సరిగ్గా అయిదో వంతు. మంచి బొమ్మని అయిదో వంతుకి తగ్గిస్తే పెట్టె టీవీ మీద ముచ్చటగా ఉంటుంది. ముందే నలిగినదాన్ని తగ్గిస్తే ఆ నలుగుడు కూడా దాంతోపాటే వస్తుంది.

ఒరిజినల్ అడగమనడానికి ఇంకో పెద్ద కారణం ఉంది. షాపులో చేయించిన డిస్కులో పాట ఒకచోట, అడుగు ఒకచోట అయిందన్నారే, దానికి మందు అక్కడే ఉంది. మన దగ్గర కార్యక్రమాలు తీసే కెమెరావాళ్లు ఎక్కువగా సెకనుకి 25 లేదా 50 ఫ్రేముల్లో తీస్తారు. పాల్ డీవీడీకి కావలసింది 25. సరిగ్గా అతుకుతుంది. ఫోన్లు మాత్రం 30 దగ్గర తీస్తాయి, అదీ నిలకడగా కాదు. వెలుతురు తగ్గితే ఫ్రేములు తగ్గించేస్తాయి, పెరిగితే పెంచేస్తాయి. దీన్ని వేరియబుల్ ఫ్రేమ్ రేట్ అంటారు. చాలా కన్వర్టర్లు దీన్ని పట్టించుకోకుండా మొత్తం ఒకే వేగం అనుకుని లెక్క కడతాయి. మొదట్లో తేడా తెలియదు. అరగంట గడిచేసరికి నట్టువాంగం తాళం ముందు వినిపించి, పాదం తర్వాత పడుతుంది.

మామూలు పుట్టినరోజు వీడియోలో అయితే సర్దుకుపోవచ్చు. నాట్యంలో కుదరదు. తరంగం ఘట్టం తలచుకోండి. ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి పిల్ల కదులుతుంటే పళ్లెం నేలకు తగిలే చప్పుడు, మృదంగం దెబ్బ, పాదం కదలిక మూడూ ఒక్క క్షణంలో పడాలి. ఒక ఫ్రేము అంటే సెకనులో ఇరవై అయిదో వంతు. అయిదారు ఫ్రేములు జరిగితే చాలు, చూసేవాళ్లకి పిల్ల తాళం తప్పినట్టు అనిపిస్తుంది. ఏళ్ల సాధన చేసిన పిల్ల మీద ఆ నింద పడకూడదు.

కాబట్టి ప్రతి ఫైలునీ ముందు పరీక్షించండి. వీఎల్‌సీ ప్లేయర్‌లో తెరిచి, టూల్స్ కింద కోడెక్ ఇన్ఫర్మేషన్ చూస్తే ఫ్రేమ్ రేట్ కనిపిస్తుంది. మీడియాఇన్ఫో అనే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్ ఇంకా స్పష్టంగా చెబుతుంది, ఫ్రేమ్ రేట్ మోడ్ దగ్గర 'వేరియబుల్' అని ఉంటే అది ఫోన్ జబ్బు. ఆ ఫైళ్లని ముందు హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేసి, ఫ్రేమ్ రేట్ 25 పెట్టి, 'కాన్‌స్టంట్' ఎంచుకుని, నాణ్యత ఎక్కువగా ఉంచి ఒకసారి సరిచేయండి. హ్యాండ్‌బ్రేక్ డీవీడీ తయారు చేయదు, అది ఇక్కడ వైద్యానికి మాత్రమే.

ఒకవేళ కెమెరా ఒరిజినల్ దొరక్క, మీ చేతిలో 30 ఫ్రేముల వీడియో ఒక్కటే మిగిలితే? 30ని 25 చేయడమంటే ప్రతి సెకనులో అయిదు ఫ్రేములు పారేయడం. వేగంగా తిరిగే భ్రమరుల దగ్గర బొమ్మ కొద్దిగా గెంతుతుంది. అప్పుడు నేనైతే పాల్ వదిలేసి, సెకనుకి 29.97 ఫ్రేములుండే ఎన్‌టీఎస్‌సీ అనే ఇంకో టీవీ పద్ధతిలో డీవీడీ చేస్తాను, హ్యాండ్‌బ్రేక్‌లో కూడా 25 బదులు 29.97 పెడతాను. మన దగ్గర అమ్మిన ప్లేయర్లలో చాలావరకు రెండూ ఆడిస్తాయి. చిక్కు పెట్టె టీవీతో వస్తుంది, కొన్ని పాత టీవీల్లో ఎన్‌టీఎస్‌సీ బొమ్మ రంగుల్లేకుండా నలుపు తెలుపులో కనిపిస్తుంది. ప్లేయరు సెటప్ మెనూలో 'టీవీ టైప్' అని ఉంటే పాల్ అని పెట్టి చూడాలి, ఎన్‌టీఎస్‌సీని మార్చి పంపే ప్లేయర్లు కొన్ని ఉన్నాయి. ఊళ్లో పరీక్షించే వీలు లేకపోతే మాత్రం పాల్‌లోనే చేయండి. కాస్త గెంతినా రంగులు పోవు.

పిల్ల పొడుగ్గా సాగడం చిన్న విషయమే, దాని గురించి టెన్షన్ వద్దు. మీ వీడియో 16:9 వెడల్పు, అమ్మ టీవీ 4:3. ప్లేయరు సెటప్‌లో టీవీ ఆకారం 16:9 అని ఉంటే వెడల్పు బొమ్మని పెట్టె టీవీలోకి పక్కల నుంచి నొక్కి పంపుతుంది, మనుషులు సన్నబడి పొడుగవుతారు. అక్కడ '4:3 లెటర్‌బాక్స్' అని మార్చితే పైనా కిందా నల్ల పట్టీలు వచ్చి బొమ్మ సరిగ్గా కనిపిస్తుంది. 'పాన్ స్కాన్' పెట్టకండి, రెండు పక్కలా కోసేస్తుంది, వేదిక చివరికి వెళ్లినప్పుడు పిల్లే కనపడదు. డిస్కు మాత్రం 16:9గానే చేయండి. రేపు అమ్మకి కొత్త టీవీ కొన్నా అదే డిస్కు నిండుగా కనిపిస్తుంది. ఈ సెట్టింగ్ ఒక్కసారి మీరు వెళ్లినప్పుడు మార్చితే చాలు. పెట్టె టీవీలు బొమ్మ అంచుల్ని కొంచెం మింగేస్తాయి కాబట్టి, పేర్లు, తేదీ లాంటివి వేస్తే అంచులకు దూరంగా వేయండి.

ఇప్పుడు డిస్కులో ఎంత పడుతుందో చూద్దాం. డబ్బా మీద 4.7 జీబీ అని ఉంటుంది, కంప్యూటర్ దాన్నే 4.37 అని చూపిస్తుంది. డిస్కు తగ్గలేదు, లెక్కపెట్టే పద్ధతి వేరు. రెండు గంటల పది నిమిషాలంటే 7,800 సెకన్లు. మొత్తం స్థలాన్ని పంచితే సెకనుకి దాదాపు 4.8 మెగాబిట్లు వస్తాయి, శబ్దానికీ సూచికలకీ పోను బొమ్మకి నాలుగున్నర మిగలొచ్చు. కదలని ముఖాలకి అది సరిపోతుంది, నాట్యానికి బొటాబొటీ. నా సలహా రెండు డిస్కులు చేయమని. విరామం దాకా ఒకటి, తర్వాత ఒకటి. అప్పుడు ఒక్కోదానికి గంటా అయిదు నిమిషాలే కాబట్టి బొమ్మకి ధారాళంగా 8 మెగాబిట్ల దాకా ఇవ్వొచ్చు. ప్రమాణం ప్రకారం 9.8 దాకా వెళ్లొచ్చు గానీ, ఇంట్లో రైట్ చేసిన డిస్కుల్లో నేను 8 దాటను. పాత ప్లేయరు కన్ను అంత వేగంగా చదవలేక మధ్యలో ఆగి ఆగి ఆడుతుంది.

సాఫ్ట్‌వేర్ విషయానికొస్తే డీవీడీ స్టైలర్ చాలు. ఉచితం, విండోస్‌లో, లైనక్స్‌లో కూడా నడుస్తుంది. పాత విండోస్ 7లో డీవీడీ మేకర్ అని లోపలే ఉండేది, విండోస్ 8 నుంచి తీసేశారు. కొత్త ప్రాజెక్ట్ తెరవగానే అది డిస్కు కొలత, పాల్ లేదా ఎన్‌టీఎస్‌సీ, 4:3 లేదా 16:9, శబ్దం రకం అడుగుతుంది. 4.7, పాల్, 16:9 పెట్టి, శబ్దానికి ఏసీ3 ఎంచుకోండి. ప్రతి డీవీడీ ప్లేయరూ దాన్ని చదివి తీరాలి. మృదంగం, వయొలిన్ బాగా వినిపించాలంటే శబ్దానికి 192 బదులు 256 కిలోబిట్లు ఇవ్వండి.

మెనూ బొమ్మలు, పూల అంచులు చాలా ఇస్తుంది. వాటి జోలికి వెళ్లకండి. అమ్మ డిస్కు పెట్టగానే నేరుగా పూర్వరంగం మొదలవ్వాలి, అంతే. ఒక్కో అంశాన్ని ఒక్కో చాప్టర్‌గా పెట్టండి, విడి ఫైళ్లుంటే వాటిని వేర్వేరు టైటిళ్లుగా కాకుండా ఒకే టైటిల్ కింద చాప్టర్లుగా చేర్చండి. అప్పుడు రిమోట్‌లో ముందుకి బాణం నొక్కితే 'శబ్దం' అనే నాట్యాంశం, ఇంకోసారి నొక్కితే తరంగం, ఇలా వెళ్లొచ్చు. వీలైతే రిమోట్ మీద ఆ బటన్ పక్కన చిన్న ఎర్ర చుక్క అంటించండి.

అంతా అయ్యాక నేరుగా రైట్ చేయకండి, ముందు ఐఎస్ఓ ఇమేజ్‌గా, అంటే డిస్కు మొత్తానికి నకలుగా ఉండే ఒకే ఫైలుగా సేవ్ చేయండి. దాన్ని వీఎల్‌సీలో తెరిచి మొదటినుంచి చివరిదాకా, ముఖ్యంగా చివరి పదిహేను నిమిషాలు, తాళానికి అడుగు పడుతోందో లేదో చూడండి. జారుడు ఉంటే చివర్లోనే బయటపడుతుంది. బాగుందనుకున్నాక ఆ ఐఎస్ఓ మీద రైట్ క్లిక్ చేస్తే విండోస్‌లోనే 'బర్న్ డిస్క్ ఇమేజ్' ఉంటుంది.

ఖాళీ డిస్కులకి, ల్యాప్‌టాప్‌లో డ్రైవ్ లేకపోతే యూఎస్‌బీ డీవీడీ రైటర్‌కి, మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్ వెళ్లండి. అడిగేటప్పుడు డీవీడీ మైనస్ ఆర్ అని అడగండి. చెరిపి రాసుకునే ఆర్‌డబ్ల్యూ వద్దు, దాని మీద వెలుగు తక్కువగా ప్రతిఫలిస్తుంది, పాత ప్లేయర్లు తడబడతాయి. 16 వేగం అని రాసున్నా 4 లేదా 8 వేగంలో రైట్ చేయండి. డిస్కు మీద కాగితం లేబుల్ అంటించొద్దు. నేనొక పెళ్లి డిస్కుకి దంపతుల ఫోటో స్టిక్కర్ వేసిచ్చాను. నా గదిలో చక్కగా ఆడింది. పెళ్లికొడుకు అమ్మమ్మ ఇంట్లో వేసవి వేడికి ఒక అంచు లేచి ప్లేయర్‌లో ఇరుక్కుంది. ఆమె ఆ పెళ్లి చూడకుండానే ఉండిపోయిందని తర్వాత తెలిసి చాలా బాధపడ్డాను. సీడీ మార్కర్‌తో పేరు రాస్తే చాలు, బాల్ పెన్‌తో గీయకూడదు.

కంప్యూటర్‌లో ఆడింది కదా అని సంచీలో పెట్టుకోకండి. వీఎల్‌సీ దేన్నైనా ఆడించేస్తుంది, అది సాక్ష్యం కాదు. మీ వీధిలో ఎవరింట్లోనైనా పాత డీవీడీ ప్లేయరు ఉంటుంది, అందులో పెట్టి చూడండి. రెండేసి కాపీలు చేసి, ఒక జత ఎండ తగలని చోట పెట్టెలో ఉంచమని అమ్మకి చెప్పండి. కెమెరా ఒరిజినల్ మాత్రం మీ హార్డ్ డిస్కులోంచి ఎప్పటికీ తీసేయకండి, రైట్ చేసిన డిస్కు కొన్నేళ్లకి మసకబారొచ్చు.

ఆ ఫోటోలు రాగానే ప్లేయరు వెనక స్టిక్కర్ మీద మోడల్ నంబర్ చూసి నాకు రాయండి. టీవీ టైప్ మెనూ ఏ బటన్ కింద ఉంటుందో చెబుతాను, ఊరెళ్లాక వెతుక్కోనక్కర్లేకుండా.